ఖానాపూర్ నుండి రాజమండ్రికి: గోదావరిపై తెప్పల దారి

కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని, బాసర సరస్వతిని దర్శించి, పోచంపాడు దాటి ఖానాపూర్ సీమ చేరునప్పటికి గోదావరి, వానకాలమున ఒడ్డులొరసి పారు మహానదియు, వేసవిని ఇసుకతిన్నెల నడుమ బండలను చుట్టి సాగు సన్ననిపాయయు నగుచున్నది. ఇట్టి నీటిపై లోతుగా మునుగు ఓడ సాగదు. కనుకనే ఇచ్చటివారికి అడుగు చదునైన నాటుపడవయు, పుట్టియు, తెప్పయు అక్కరకు వచ్చినవి.

పుట్టి గుండ్రని వెదురుబుట్ట. దానికి పూర్వము తోలును, పిదప తారు పూసిన గుడ్డను తొడిగిరి. ముందు వెనుకలు లేని దానిని తెడ్డుతో అటునిటు లాగుచు నడుపవలెను. మోకాలిలోతు నీట సైతము అది తేలును. ఒడ్డు చేరినంతనే మనిషి దానిని నెత్తి కెత్తుకొని పోగలడు.

సదర్‌మాట్ ఆనకట్టను, కడెంవాగు సంగమమును దాటి, నరసింహస్వామి కోనేట తెప్పోత్సవము జరుగు ధర్మపురిని, మంచిర్యాలను గడచి కాళేశ్వరము చేరి, ప్రాణహితను కలిసిన పిమ్మట నది విశాలమగును. అహేరి, సిరొంచ అడవుల టేకు ఈ నీటిదారినే రాజమండ్రికి దిగెడిది. పచ్చి టేకు మునుగును గాన, దుంగల నడుమ వెదుళ్లు చేర్చి తెప్పలు కట్టుచుండిరి. పడవ సరుకును మోయును. తెప్పకు సరుకే శరీరము. గమ్యమున కట్లు విప్పినంతనే వాహనము మాయమై కలప మిగులును. ఎదురీది మరలివచ్చు పనియే లేదు.

ఈ దారినే బీరారు ప్రత్తిని సముద్రమునకు దింపవలెనని ఇంజనీరు ఆర్థర్ కాటన్ తలపోసెను. దుమ్ముగూడెము, ఇంచంపల్లి, దేవలమర్రి వద్ద బండల వాలులు మూడు అడ్డుపడగా, దుమ్ముగూడెమున ఆనకట్టయు, కాలువయు, లాకులును వెలసినవి. కాని 1867 నాటికి రైలు నాగపూరు చేరి ప్రత్తికి వేరుదారి చూపెను, 1871లో ప్రభుత్వము ఆ పనినే విరమించెను.

భద్రాచలము, పాపికొండలు దాటి దిగు నదికి 1852లో కట్టిన ధవళేశ్వరము ఆనకట్ట అడ్డమైనను, పడవలు దాటుటకు లాకులుంచిరి. పోచంపాడు ఆనకట్టకు అట్టి ద్వారము లేదు. పంటకు నీరు నిలుపుట ధర్మమే. ఐనను దారిని పూర్తిగా మూయుట మాత్రము దూరదృష్టి గాదు. ఇకమీదట ఈ నదిపై కట్టు ప్రతి కట్టడమునకు పడవ దాటు లాకును చేర్చుట ఇంజనీర్ల విధి, అడుగుట మన విధి.