తాపీ ఒడ్డున తాపీగా

సూరత్ వెళ్లే తెలుగు వ్యాపారుల్లో చాలామంది రింగ్ రోడ్డు దాటరు. పొద్దున రైలు దిగుతారు, టెక్స్‌టైల్ మార్కెట్లలో చీరలకు ఆర్డర్లిస్తారు, రాత్రి రైలెక్కేస్తారు. దుకాణదారుకు అది చాలు. రెండు రోజులు సెలవు పెట్టి, కాళ్లకు పనిచెప్పే ఓపిక ఉన్నవారికి మాత్రం ఈ ఊరు వేరే సరుకు చూపిస్తుంది. అది నాలుగు శతాబ్దాల నాటి ప్రపంచ వాణిజ్యం.

నడక మొదలుపెట్టాల్సింది తపతి ఒడ్డునున్న కోట నుంచి. ఇక్కడివారికి ఆ నది పేరు తాపీ. పోర్చుగీసుల దాడులతో విసిగిపోయిన గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ 1540లలో ఈ కోట కట్టించాడు. 1664లో శివాజీ సైన్యం ఊరిని దోచుకుంటుంటే మొగలుల గవర్నరు తలుపులు బిగించుకుని దాక్కున్నది ఇందులోనే. ఆ తర్వాత చాలాకాలం ప్రభుత్వ కార్యాలయాలకు నెలవైన కోటను నగర పాలక సంస్థ బాగుచేయించి మ్యూజియంగా మార్చింది.

అక్కడికి దగ్గర్లోనే మొగల్ సరాయి ఉంది. 1644లో యాత్రికుల కోసం కట్టిన సత్రమిది. హజ్ ఓడలు ఎక్కేవారంతా సూరత్‌కే రావాలి కాబట్టి ఈ ఊరికి మక్కా ద్వారమని పేరు. ఇప్పుడా సత్రంలో నగర పాలక సంస్థ ప్రధాన కార్యాలయం నడుస్తోంది. ఒకప్పుడు బాటసారులు మూటలు దించుకున్న చోట ఇప్పుడు ఫైళ్లు కదులుతున్నాయి.

రెండో రోజు కతార్‌గామ్ దర్వాజా వైపు వెళ్లాలి. అక్కడి ఇంగ్లిషువారి శ్మశానం చూస్తే నవాబుల సమాధుల మధ్యకు వచ్చామేమో అనిపిస్తుంది. అన్నీ గుమ్మటాలు, తోరణాలే. 1664 దాడిలో కంపెనీ స్థావరాన్ని కాపాడుకున్న జార్జ్ ఆక్సెండెన్ 1669లో చనిపోతే, తమ్ముడు క్రిస్టఫర్ సమాధి మీదే ఆయనకూ రెండంతస్తుల గోరీ కట్టారు. డచ్చివారూ తక్కువ తినలేదు. 1691లో చనిపోయిన వాన్ రీడ్ సమాధి వారి శ్మశానంలో కెల్లా ఘనమైనది. మలబారు మొక్కల గురించి 12 సంపుటాల గ్రంథం వెలువరించిన అధికారి ఆయన. బతికుండగా సరుకు కోసం పోటీపడ్డవారు పోయాక కూడా దర్పం తగ్గించుకోలేదు.

ఈ కథలో తెలుగువారికి తెలిసిన ఊరొకటుంది. ఇంగ్లిషువారు 1611లో మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో వర్తక స్థావరాలు పెట్టారు. ఫ్రెంచివారు 1668లో సూరత్‌తో మొదలుపెట్టి, మరుసటి ఏడాది మచిలీపట్నం చేరారు. ఒకటి పడమటి వాకిలి, ఇంకొకటి తూర్పు వాకిలి. ఆ రెంటినీ దాటి కంపెనీ పెత్తనం కొత్త ఊళ్లకు తరలిపోయింది. 1641లో బందరు నుంచి మద్రాసుకు, 1687లో సూరత్ నుంచి బొంబాయికి. బందరు మళ్లీ ఆ వైభవం చూడలేదు. సూరత్ మాత్రం బట్టను వదల్లేదు. 1994 ప్లేగు, 2006 తపతి వరద కూడా ఊరిని లేవకుండా చేయలేకపోయాయి.

అందుకు చెమటోడ్చిన వారిలో మనవాళ్లూ ఉన్నారు. తెలంగాణ పల్లెల్లో మగ్గం కూడు పెట్టక వలస వచ్చిన పద్మశాలీలు లింబాయత్ ప్రాంతంలో స్థిరపడ్డారు. మరమగ్గాల హోరు మధ్య అక్కడ తెలుగు వినిపిస్తుంది, దసరా ముందు బతుకమ్మలు పేరుస్తారు. నగర పాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. నాలుగేళ్లు వ్యాపారం చేసి పోయిన దొరలకు గుమ్మటాలున్నాయి. తరాలుగా నేస్తున్నవారికి గుర్తుగా ఉన్నది ఆ బడులూ, ఆ పండుగే. సమాధులు చూసినవారు ఆ వీధులు కూడా చూస్తేనే సూరత్ పూర్తిగా చూసినట్టు.

వెళ్లడానికి చలికాలం అనువైనది. ఉంధియు కూర, నిప్పుల మీద కాల్చి దులిపిన జొన్న ఊచబియ్యం అప్పుడే దొరుకుతాయి. మెత్తటి శనగపిండి లోచో ఏ కాలంలోనైనా సరే. విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ నగరానికి చేరుస్తుంది. చీరలంటారా, తిరుగు రైలెక్కే రోజు కొనుక్కోవచ్చు.