ద్రాక్షతోటల ఊళ్ళో ధర్మాసుపత్రి

మా చెల్లెలి కాపురం ఫ్రాన్సులో, డిజాన్‌లో. "ప్యారిస్ అందరూ చూస్తారక్కా, నీకో చిన్న ఊరు చూపిస్తా" అని రైలెక్కించి, అరగంట లోపే బోన్‌లో దింపింది.

ముచ్చటైన ఊరే! చుట్టూ పాత కోటగోడ, రాళ్ళు పరిచిన సన్నటి వీధులు. కానీ ఎటు చూసినా వైన్ కొట్లే. బర్గండీ ప్రాంతపు వైన్ వ్యాపారానికి ఈ ఊరే గుండెకాయట.

"ఇంత దూరం రప్పించి కల్లుపాకలు చూపిస్తావటే?" అన్నాను.

నవ్వుతూనే అన్నాను గానీ, సీసా కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా బాబాయి మూడెకరాల మాగాణీ తాగేశాడు. చివరికి ఆసుపత్రి వరండాలో, చాప మీద పోయాడు. మంచం దొరకలేదు. పక్కన మా పిన్ని, మెడలో ఉత్త పసుపుతాడుతో.

చెల్లెలు నన్నో పెద్ద భవనంలోకి తీసుకెళ్ళింది. పైకప్పు మీద రంగురంగుల పెంకులు ముగ్గేసినట్టున్నాయి. బర్గండీ ప్రభువు దగ్గర మంత్రిగా ఉన్న నికొలా రోలా, ఆయన భార్య గిగోన్ కలిసి 1443లో బీదలకోసం స్థాపించిన ఆసుపత్రి అది. నేల మీది పలకల్లో నక్షత్రం గుర్తుతో ఒక మాట ఉంది. 'నువ్వొక్కతెవే' అని భార్యనుద్దేశించి వేయించాడట! మావారైతే గేటు మీద తన పేరొక్కటే వేయించుకున్నారు.

లోపల పొడుగాటి హాలు. గోడల వెంట బారులు తీరిన మంచాలు, ఎర్రటి దుప్పట్లు. 1452 నుంచి 1971 వరకూ ఇక్కడ వైద్యం చేశారు. భర్త పోయాక కూడా ఆసుపత్రిని కనిపెట్టుకుని ఉన్న గిగోన్ 1470లో కన్నుమూసింది. ఆమె సమాధీ ఇక్కడే.

"ఇన్ని వందల ఏళ్ళు ఎలా నడిపారే?"

"ద్రాక్షతోటల మీద" అంది చెల్లెలు. 1457లో మొదటి తోట రాసిచ్చింది గిల్మెట్ లెవెర్నియే అనే ఆవిడ. అలా అలా ఇప్పటికి నూటయాభై ఎకరాలయ్యాయి. 1859 నుంచీ ఆ తోటల వైన్‌ను నవంబరులో వేలం వేస్తున్నారు. సొమ్ము ఆసుపత్రికీ, దానధర్మాలకీ.

నేనో మంచం దగ్గర నిలబడిపోయాను. బాబాయికి దొరకనిది ఇదే కదా! ఆ వైన్ తాగి చితికిన ఇళ్ళు మాత్రం లేకుండా ఉంటాయా? ఆ ఇళ్ళల్లోనూ మా పిన్నిలాంటి వాళ్ళు ఉండే ఉంటారు. మెచ్చుకోవడానికి మనసొప్పలేదు. తిట్టడానికీ నోరు రాలేదు.

తిరిగొచ్చాక పిన్నికి అంతా చెప్పాను, ఒక్క వైన్ సంగతి తప్ప.

"అన్ని మంచాలకీ డబ్బెక్కడిదే?" అంది.

ఇక దాచలేక చెప్పేశాను. పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో చిక్కుడుకాయ ఈనె తీస్తూ అలాగే ఉండిపోయింది.

"పోనీలేవే" అంది చివరికి. "ఎక్కడో ఒకచోటైనా ఆ డబ్బు మంచం వేసింది."