12,183 అడుగుల ఎత్తులో 'రైట్ రైట్'

అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు ఏం చూపిస్తాం? నయాగరా, న్యూయార్క్, దారిలో ఓ గుడి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, హోటల్ తిండి పడదు, బయట బాత్రూం అంటే చచ్చేంత భయం. మేముండేది డెన్వర్‌లో. కొండలు కనిపిస్తూనే ఉంటాయి కానీ టెంట్ వేసి అమ్మని నేల మీద పడుకోబెట్టలేను కదా. అందుకే ఆర్వీ అద్దెకి తీసుకున్నా. 25 అడుగుల బండి. లోపలే మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూం.

"వంట చేసే చోటు పక్కనే బాత్రూమా!" అని అమ్మ ముక్కు మూసుకుంది. నాన్న మాత్రం బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి, ఒక్కో టైరునీ కాలితో తన్ని చూసి వచ్చాడు.

నాన్న మార్కాపురం డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యాడు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగాడో ఆయనకే లెక్క లేదు. "నేను తోలనా?" అని ఒక్కసారి అడిగాడు. అగ్రిమెంట్‌లో నా పేరు మాత్రమే ఉంది. "ఇక్కడ అలా కుదరదు నాన్నా" అన్నా. ఆయన వచ్చిన రెండు నెలల్లో ఈ మాట రోజుకి పదిసార్లు అనుంటాను. రోడ్డు దాటేటప్పుడు, హారన్ కొట్టమన్నప్పుడు, పక్కింటాయన్ని పలకరించబోయినప్పుడు. ఈ మధ్య అడగడమే మానేశాడు. టీవీ ముందు కూర్చుంటాడు, పిలిస్తే లేస్తాడు.

మేం వెళ్లింది రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లోని గ్లేసియర్ బేసిన్ క్యాంప్‌గ్రౌండ్‌కి. ఎత్తు సుమారు 8,500 అడుగులు. జూన్ ఆఖరి వారం. అక్కడ చోటు దొరకాలంటే ఆరు నెలల ముందే ఆన్‌లైన్‌లో కాచుకుని కూర్చోవాలి, తత్కాల్ టికెట్ లాగే. కరెంటు, నీళ్ల కనెక్షన్ ఏమీ ఉండవు. బండిలో ట్యాంకు నింపుకుని వెళ్లిన నీళ్లే నీళ్లు.

మా సైట్‌లోకి బండిని రివర్స్‌లో పెట్టాలి. రెండుసార్లు ప్రయత్నించా, రెండుసార్లూ చెట్టుకేసి పోతోంది. పక్క సైట్ వాళ్లు కుర్చీల్లో కూర్చుని వినోదం చూస్తున్నారు. నాన్న తలుపు తీసుకుని దిగాడు. వెనక్కి వెళ్లి బండి ఒంటి మీద అరచేత్తో దబదబ కొడుతూ "రైట్ రైట్... రానీ రానీ... లెఫ్ట్ కొట్టు... రానీ... హోల్డాన్!" అని అరిచాడు. సరిగ్గా మధ్యలో ఆగింది. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. సిగ్గేసింది నాకు, ఎందుకో తెలీదు.

అక్కడితో ఆగలేదు. ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచే రకం, బండి వాలుగా ఉంటే సరిగా పనిచేయదు. నేను ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ వెతుకుతుంటే, నాన్న బల్ల మీద గ్లాసుడు నీళ్లు పెట్టి చూసి "ముందు కుడి టైరు కింద ఒక చెక్క పెట్టు" అన్నాడు.

అమ్మ యుద్ధం వేరే. అంత ఎత్తులో నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మరుగుతున్నట్టే ఉంటుంది, పప్పు మాత్రం ఉడకదు. కుక్కర్ తెచ్చాం కాబట్టి బతికాం. అందులోనూ మూడు విజిల్స్‌కి గింజ గింజగానే ఉంది, ఆరు పడితే మెత్తబడింది. ఆ విజిల్‌కి అడవిలో ఎవరు ఏమనుకున్నారో! తిన్నాక ఒక్క మెతుకు కూడా బయట బల్ల మీద వదలకూడదు, ఎలుగుబంట్లు వస్తాయి. జనరేటర్ కూడా పార్క్ వాళ్లు చెప్పిన గంటల్లోనే వేయాలి. హీటర్ నడిచేది గ్యాస్ మీదే అయినా దాని ఫ్యాన్ బ్యాటరీని తినేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి అది కాస్తా ఆగిపోయింది. లేచి చూస్తే నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడు. "నిద్ర పట్టలేదా?" అంటే, "ఇక్కడ బాగుందిరా" అన్నాడు.

మర్నాడు ట్రైల్ రిడ్జ్ రోడ్. 1932లో తెరిచిన ఈ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివై, ఆఖరికి అసలు ఉండవు. గడ్డి, రాళ్లు, జూన్‌లో కూడా మంచు. చాలాచోట్ల రోడ్డు అంచున రెయిలింగే లేదు. నా భార్య కిటికీ కర్టెన్ వేసేసింది. పైన అమ్మకి తలనొప్పి మొదలైంది. నీళ్లు తాగించి, అరగంట కూడా ఉండకుండా తిరుగుముఖం పట్టాం.

దిగేటప్పుడు నాన్న అన్నాడు, "బ్రేకు మీద కాలు తియ్యరా."

"ఇది ఆటోమేటిక్ నాన్నా. మీ బస్సు కాదు."

ఆయన ఇంకేం అనలేదు. రెండు మలుపులు తిరిగాక కాలిన వాసన వచ్చింది. పెడల్ మెత్తగా, ఇంకా లోపలికి పోతోంది. నాకు చేతులు చల్లబడ్డాయి. వెనక అమ్మ ఏదో స్తోత్రం అందుకుంది.

"కంగారు పడమాక. గేర్లు ఎక్కడుంటాయి దీనికి?" ఆయన గొంతు మారలేదు. గేర్ కర్ర చూపించా. "దించు." డి నుంచి 2కి దించా. ఇంజన్ గట్టిగా అరిచింది, బండిని ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు వేగం తగ్గింది. "ఎక్కిన గేర్లోనే దిగాలిరా ఘాట్. అరుపుకి భయపడమాక, అది ఇంజన్ పని చేసుకుంటోంది." రెయిన్‌బో కర్వ్ దగ్గర పక్కకి ఆపించాడు. దిగి చక్రం దగ్గర చెయ్యి పెట్టి వేడి చూసి, అరగంట కదలొద్దన్నాడు. కింద లోయ అంతా కనిపిస్తోంది, చూసే ఓపిక నాకు లేదు. ఇంజనీరింగ్‌లో ఇంజన్ బ్రేకింగ్ గురించి పరీక్షలో రాశా నేను. మార్కులు కూడా వచ్చాయి.

మిగతా దారంతా మలుపు మలుపుకీ చెప్పాడు. ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు వదలాలో. నేను "సరే నాన్నా" తప్ప ఇంకో మాట అనలేదు.

మూడో రోజు ఎస్టెస్ పార్క్ ఊళ్లోకి వచ్చాక ఫోన్లకి సిగ్నల్ తగిలింది. పెట్రోల్ బంకులో ఆయిల్ కొట్టిస్తుంటే, నాన్న ముందు సీట్లో కూర్చుని పాత కండక్టర్ స్నేహితుడికి వాయిస్ మెసేజ్ పెడుతున్నాడు. నేను వింటున్నానని తెలియదు.

"పన్నెండు వేల అడుగులురా! శ్రీశైలం ఏం మూలకి! మావాడే తోలాడు. బాగానే దించాడు. క్లచ్ లేదురా దీనికి, ఎడం కాలికి పనే లేదు..."