కోన నీళ్ల కోసం

ఏప్రిల్‌లో ప్రొద్దుటూరులో పొద్దెక్కితే బండ మీద కాలు పెట్టలేం. అందుకే వేగుచుక్క పొడిచేసరికే బయల్దేరాం. పులివెందుల మిత్రులిద్దరు, జమ్మలమడుగు అన్న ముందు రాత్రే మా ఇంటికి చేరారు. అటవీశాఖ అనుమతితో పద్నాలుగు మందిమి లంకమల కొండల్లోకి నడిచాం.

ఆకు రాల్చిన అడవి చచ్చినట్టు కనిపిస్తుంది గానీ, కాదు. ఒక్క ఆకైనా లేని కొండగోగు కొమ్మల చివర అరచేయంత పసుపు పూలు! రేల అప్పుడే మొగ్గ విప్పుతోంది. ముళ్ల పొదల దగ్గర అందరి గొంతులూ తగ్గాయి. అది కలివికోడి తిరిగిన నేల. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో ఈ కొండల అంచునే మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి, మాకెలా కనబడుతుంది? అయినా నా కళ్లు పొదలను వదల్లేదు.

బండల పగుళ్లలో దాగిన వాననీరు ఊటగా జారి, కోన అడుగున మడుగు కట్టింది.

"సల్లగుండాయి, దిగన్నా!"

జమ్మలమడుగు అన్న మెడలోతు దిగి కళ్లు మూసుకున్నాడు. జమ్ము పెరిగిన మడుగే తమ ఊరి పేరైందని పెద్దలు చెప్పేవారట. ఆ మాట చెబుతుంటే ఆయన గొంతు జీరబోయింది. మేమెవరమూ చాలాసేపు మాట్లాడలేదు.

పూలేవీ కోయలేదు. ఆయన చొక్కాకు అంటుకున్న కొండగోగు రేక ఒకటి మాత్రం ప్రొద్దుటూరు దాకా వచ్చింది.