బొమ్మ కదిలింది, నేనూ చూశాను

ఓ వేసవిలో కారేసుకుని ఐర్లండ్ తిరుగుతూ, రంగురంగుల ఇళ్ళ కిన్సేల్ దాటాక బాలిన్‌స్పిటిల్ అనే చిన్న ఊళ్ళో ఆగాం. 1985లో ఇక్కడి మేరీమాత విగ్రహం కదులుతోందని వేలాది జనం వచ్చారు. కార్క్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రజ్ఞులు కారణం చెప్పారు: మసకచీకట్లో వెలిగే బొమ్మనే చూస్తూ నిలబడితే, ఊగేది మన ఒళ్ళే అయినా బొమ్మ ఊగినట్టుంటుంది.

పొద్దువాలాక నేనూ చూశాను. కారణం తెలిసి కూడా చూశాను. కదిలింది!

1995లో వినాయకుడు పాలు తాగాడన్న అమ్మని 'అబద్ధాలాడకు' అని కసిరాను. చెంచాలో పాలు తగ్గిన మాట నిజమే. తలతన్యత లాగితే విగ్రహం మీదుగా కిందికి జారాయి. అమ్మ చూసింది తప్పు కాదండీ, అనుకున్న కారణమే తప్పు. ఆ తేడా చెబుదామంటే ఇప్పుడు అమ్మ లేదు.