గల్లాపెట్టె పక్కన గీటురాయి

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి అమ్ముకొనే రైతుకు బ్యాంకు ఖాతాలు, ఫోన్ చెల్లింపులు నేడు అందుబాటులో ఉన్నాయి. అయినా కూలీల బటువాడాకు, బండి బాడుగకు, చిల్లర బాకీలకు నగదు నడుస్తూనే ఉన్నది. ఆ నగదులో ఒక దొంగనోటు చేరితే నష్టపోయేది దానిని అచ్చొత్తినవాడు కాదు, చివరగా పట్టుకొన్నవాడు. బ్యాంకువారు గుర్తిస్తే ముద్ర వేసి ఉంచుకొని రసీదు ఇస్తారే తప్ప, బదులు సొమ్ము ఇవ్వరు. ఒకే జమలో అయిదు గాని అంతకుమించి గాని దొరికితే పోలీసులకు ఫిర్యాదు వెళుతుంది. 500 రూపాయల నోటు పోవడమంటే ఒక దినపు కూలి గాలిలో కలిసినట్లే.

రాయలసీమకు ఈ చింత కొత్తది కాదు. పూర్వం నాణెం చేతికి రాగానే షరాబు దానిని తూచి, మోగించి, గీటురాయిపై గీచి చూసేవాడు. విజయనగర వరాహా తూకం సుమారు 3.4 గ్రాములు. అందులో గురిగింజ ఎత్తు తగ్గినా త్రాసు చెప్పేది. బంగారు వ్యాపారానికి పేరుపడిన ప్రొద్దుటూరులో గీటురాయిని ఎరుగనివారు ఉండరు. కాని కాగితానికి మోత లేదు, వాసి లేదు. కాగితమనడం కూడా మాటవరసకే. నోటును తయారుచేసేది పత్తి నారతో. దూది అమ్మి తెచ్చుకొనే డబ్బు కూడా దూదే!

ఈ గుణమే నేటి యంత్రానికి ఆధారం. మామూలు కాగితంలో తెల్లదనం కోసం కలిపిన రసాయనాలు అతినీలలోహిత కాంతిలో నీలితెలుపుగా మెరుస్తాయి. అసలు నోటు మసకగానే ఉండి, దాని వరుససంఖ్య, లోపలి సన్నని పోగులు మాత్రం వెలుగుతాయి. అయితే చొక్కా జేబులో ఉండిపోయి సబ్బుపొడి నీళ్లలో మునిగిన అసలు నోటు సైతం మెరిసి అనుమానం రేపవచ్చు. కనుక ఆ ఒక్క దీపాన్నే నమ్ముకొన్న యంత్రం చాలదు. సిరాలోని అయస్కాంత గుణాన్ని, పరారుణ కాంతిలో కనిపించే తేడాను కూడా పరీక్షించే యంత్రం కావాలి.

కొలత సంగతి మరొకటి. 500 నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, 200 నోటు పొడవు 146. నాలుగు మిల్లీమీటర్ల తేడాను పట్టుకోలేని యంత్రం 500 నోట్ల కట్టలో దూరిన 200 నోటును కూడా ఒకటిగా లెక్కించి ఊరుకొంటుంది. వంద నోట్లలో పాత కొలతవి, కొత్త కొలతవి రెండూ చెల్లుతాయి. 2016 నవంబరులో కొత్త నోట్లు రాగానే పాత యంత్రాలు వాటిని గుర్తించలేక నిలిచిపోయాయి. కొత్త నోటు వచ్చినప్పుడల్లా దానిని నేర్పే వీలున్నదా అని కొనేముందే అడగాలి.

నిమిషానికి వెయ్యి నోట్లు లెక్కిస్తుందనే గొప్ప మండీ వ్యాపారికి అంతగా పనికిరాదు. ఆదోని గాలిలో దూదిపీచు, దుమ్ము ఎక్కువ. అవి రబ్బరు చక్రాలకు, లోపలి కళ్లకు పట్టుకొంటాయి. తుడవడానికి మూత సులభంగా తెరుచుకోవాలి. చెడితే కర్నూలు నుంచో కడప నుంచో మరునాటికి మనిషి రావాలి.

యంత్రం కూతపెట్టిన నోటును తెలిసి తెలిసి కూలి డబ్బులో కలిపి పంపేవారూ లేకపోలేదు. అది నేరం. అంతకుమించి, చదువురాని మనిషిని చూసి చేసే నేరం. అందుకే కొనేవాడు వెదకవలసిన మరో వసతి ఉన్నది. అది రైతు వైపు తిరిగి ఉండే రెండవ అంకెల పలక. దాని వెల పెద్దగా పెరగదు. అటు కూర్చున్న రైతు ఆ అంకెను చూస్తాడు, పక్కకు తీసిన నోటునూ చూస్తాడు. దానికి బదులుగా ఇచ్చిన నోటును వెలుతురులో వంచి, దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారడం గమనించి, అప్పుడు కట్టను సంచిలో పెట్టుకొంటాడు.