శివరాత్రి దాకా ఆగండి!

సంక్రాంతి సెలవులొస్తే ఎనుమాముల మార్కెట్ ఒక్కసారిగా నిద్రపోతుంది. కాంటాలు ఆగుతాయి. దడువాయిలు, హమాలీలు, చాట కూలీలు పండక్కి ఇళ్లకు వెళ్లిపోతారు. అప్పుడు వినిపిస్తుంది... ఏ షెడ్డు మూలనుంచో, చినిగిన గోనె సంచుల మధ్యనుంచి కుయ్‌కుయ్‌మంటూ ఓ చప్పుడు. ఆరేడు కుక్కపిల్లలు! తెల్లదొకటి, ఎర్రదొకటి, నల్లమచ్చలదొకటి. గాలిపటాల వెంట పరుగెత్తే పిల్లలకు ఈ కబురు అందడానికి ఎంతోసేపు పట్టదు. సాయంత్రానికల్లా ఇంట్లో పంచాయితీ మొదలు. 'డాడీ, గా తెల్లది మనం తెచ్చుకుందాం డాడీ!'

కాదనడం కష్టమే. బొద్దు బొజ్జ, తడబడే అడుగులు... కుక్కపిల్ల అంత ముద్దుగా మళ్లీ ఎప్పుడూ ఉండదు. అసలు చిక్కంతా అక్కడే. మనకు ఎత్తుకోవాలనిపించే రోజుకీ, అది తల్లిని విడిచి రాదగిన రోజుకీ మధ్య దాదాపు నెల తేడా.

లెక్క వేసి చూడండి. వీధికుక్కలు జతకట్టేది ఎక్కువగా చిత్తకార్తెలో. అంటే అక్టోబరు రెండు, మూడు వారాలు. చూలు సుమారు 63 రోజులు. కాబట్టి డిసెంబరు నడిమి చలిలో ఈనుతాయి. సంక్రాంతి నాటికి పిల్లల వయసు మూడు నుంచి అయిదు వారాలు. ఇంటికి తెచ్చుకోవడానికి తగిన వయసు ఎనిమిది వారాలు. అంటే ఫిబ్రవరి... శివరాత్రికి కాస్త ముందో వెనకో. చలి శివశివా అంటూ వెళ్లిపోయే వేళ, మార్కెట్‌కు మిర్చి బస్తాలు పోటెత్తే వేళ అన్నమాట.

ఆ నెల రోజుల్లో అంత ఏముంటుంది? చదువుంటుంది! కుక్కపిల్ల కళ్లు తెరిచేది రెండో వారంలో. చెవులు వినిపించేది ఆ తర్వాత. మూడో వారంలో పాలపళ్లు మొదలవుతాయి. ఇక అక్కడినుంచి తోబుట్టువులతో కుస్తీలే. ఒకటి గట్టిగా కొరికితే రెండోది కెవ్వుమని అరిచి ఆట మానేస్తుంది. తల్లి పొదుగును పళ్లతో నొప్పిస్తే అది గుర్రుమని లేచి వెళ్లిపోతుంది. 'ఇంత గట్టిగా కొరికితే ఆటా పోతుంది, పాలూ పోతాయి' అన్న పాఠం అలా ఒంటబడుతుంది. మనుషులు ఎంత ముద్దుచేసినా ఇది నేర్పలేరు. నాలుగు వారాలకే వచ్చేసిన కుక్కపిల్ల ఆ పాఠాన్ని మీ చంటిదాని చేతిమీద నేర్చుకుంటుంది.

ఇటలీ పరిశోధకులు 2011లో 140 కుక్కల సంగతి వాటి యజమానులను అడిగి తెలుసుకున్నారు. సగం కుక్కలు 30-40 రోజులకే తల్లిని వీడినవి, మిగతా సగం రెండు నెలలకు వచ్చినవి. ముందే విడిపోయినవాటిలో అతిగా మొరగడం, వస్తువులు పాడుచేయడం, చప్పుళ్లకు బెదరడం, బయటికి తీసుకెళితే భయపడటం ఎక్కువగా కనిపించాయి. మన దేశంలోనూ 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు ఎనిమిది వారాల్లోపు పిల్లల్ని అమ్మకూడదన్నాయి. వీధిలోంచి ఎత్తుకొచ్చే కూనకు ఈ అమ్మకం నిబంధన లేదు. దాని బాల్యం మాత్రం అంతే పొడవు.

'మరీ చిన్నప్పుడు తెస్తేనే మాలిమి అవుతుంది' అని పెద్దవాళ్లు అంటుంటారు. అందులో సగం నిజం ఉంది. మనుషులకు అలవాటు పడే వయసు మూడో వారం నుంచి మూడో నెల దాకా. అది దాటితే బెరుకు పోవడం కష్టం. కానీ ఎనిమిదో వారం ఆ గడువుకు సరిగ్గా నడిమధ్య. కాస్త ఆగితే పోయేదేమీ లేదు.

అయినా తల్లిదండ్రులకు ఓ సందేహం మిగులుతుంది. 'సెలవులయ్యాక లారీలొస్తాయి. అక్కడే వదిలేస్తే బతుకుతాయా?' న్యాయమైన ప్రశ్నే. కోల్‌కతా ఐసర్ శాస్త్రవేత్తలు 95 ఈతల్లో పుట్టిన 364 వీధికుక్క పిల్లల్ని గమనించారు. 2016లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం ఏడు నెలల వయసుకు చేరినవి 19 శాతమే! చావుల్లో 63 శాతానికి ఏదో రకంగా మనుషులే కారణం. తల్లి ఒక్కటే కాదు, బంధువులైన ఇతర ఆడకుక్కలూ పిల్లల్ని చూసుకుంటాయని కూడా వీళ్లే గుర్తించారు. అచ్చం మన ఉమ్మడి కుటుంబాల్లాగే. ఆ కుటుంబం కూడా లారీ చక్రాన్ని ఆపలేదు.

అలాగని తల్లినుంచి లాగేయడం మందు కాదు. మూడు, నాలుగు వారాల పిల్లకు ఇంట్లో మనం పోసేది ఆవుపాలు. కుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు వాటికి దాదాపు రెట్టింపు, పాలచక్కెర తక్కువ. ఆ తేడా చాలు, విరేచనాలతో కూన నీరసించిపోవడానికి. అంతకన్నా తేలికైన పని ఒకటుంది: పిల్లల బదులు తల్లిని సాకడం. బండ్లు తిరగని మూలన నాలుగు గోనెపట్టాలు, గిన్నెడు నీళ్లు, రోజూ ఇంత అన్నమో రొట్టెలో. తల్లి కడుపు నిండితే తిండికోసం దూరం వెళ్లదు, పిల్లలు దారిలోకి రావు. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. బాలింత కుక్క దగ్గరికి పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు. కూన గీరినా, కొరికినా 'చిన్నదే కదా' అని ఊరుకోవద్దు. పావుగంట సేపు సబ్బునీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

తల్లి చనిపోతే? అప్పుడు ఆగడం కుదరదు. ఒక్కదాన్నే కాకుండా వీలైతే రెండు మూడింటిని కలిపి ఉంచాలి. ఒకదానికొకటి వెచ్చదనం, ఒకదానికొకటి పాఠం. ఏ పాలు, ఎన్నిసార్లు పట్టాలో పశువైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.

మిగతావాళ్లకు ఫిబ్రవరి ఎలాగూ వస్తుంది. అప్పటికి కూన సొంతంగా తింటూ ఉంటుంది. నులిపురుగుల మందు, పార్వో టీకా గురించి తెచ్చిన వారంలోనే డాక్టరును కలవండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా. తెచ్చుకునే రోజు అది పడుకున్న గోనెపట్టాలోంచి ఓ ముక్క కూడా కోసి తెచ్చుకోండి. ఉతక్కండి. కొత్తింట్లో మొదటి రాత్రి అది ఏడవడం ఖాయం. తల్లి వాసన అంటిన ఆ ముక్కలో ముక్కు దూర్చుకుని ఏ నడిరాత్రికో నిద్రపోతుంది.